ఏడో కాలు చెప్పిన గేదె కథ

నడక, 1వ రోజు

ఈ డైరీ రాయడం శ్రోత విధుల్లో పన్నెండోదట. పదకొండోది కళ్ళు తెరిచి ఉంచడం. రెండూ చేయగలనని నిన్న సంతకం పెట్టి ఉద్యోగంలో చేరాను.

పేరు యాళ్ళ రత్నమాల. నడకపాలెం ఊరికి తాత్కాలిక శ్రోతని. రోజూ పొద్దున ఎనిమిదింటికి మా వంటింటి పక్కగదిలో తెర ముందు మీటింగులో కూర్చుని, మా ఊరిని మోస్తూ నడిచే పన్నెండు ఇనప కాళ్ళూ చెప్పేది వినాలి. ఒక్కో కాలికి పన్నెండు నిమిషాలు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగుతుంది. ఆగినప్పుడు నేను ఊ కొట్టాలి. మనసు పెట్టి ఊ కొడితే ఆ రోజంతా ఆ కాలు నిండు అడుగులు వేస్తుంది. మొక్కుబడిగా కొడితే సగం అడుగులు వేస్తుంది. అసలు కొట్టకపోతే కదలదు. పూర్వం ఏదో ఊర్లో కాళ్ళు పంపిన రిపోర్టులు ఎవరూ చదవక, ఊరు ఊరంతా కాలవలో బోర్లా పడిందట. అప్పటినుంచీ ఈ పద్ధతి. కాళ్ళను తయారుచేసిన ఇంజినీరమ్మకి చిన్నప్పుడు కథ చెబుతుంటే నిద్రపోయే తమ్ముడెవరో ఉండి ఉంటాడని నా అనుమానం.

వెనకనుంచి సముద్రం వస్తోంది కాబట్టి మేం ఉత్తరానికి పోతున్నాం. ఎర్రనీళ్ళు దిగేలోపు గౌతమి పాయ దాటాలి. వరదకి ఇంకా ఇరవై ఎనిమిది రోజులుంది, నడక పదమూడు రోజులే. ఆలోపు దాటకపోతే ముందు వరద, వెనక సముద్రం, మధ్యలో పద్నాలుగు వందల మంది జనం. కానీ గడువులో సగం కూడా పట్టదు కనుక ఊర్లో ఎవరికీ కంగారు లేదు.

ఇవాళ పన్నెండు కాళ్ళూ విన్నాను. ఏడో కాలు దగ్గర చిన్న కునుకు పట్టింది. మొదటిరోజు కదా.

నడక, 3వ రోజు

కునుకు కాదు. పెద్ద నిద్ర.

నాకు ముందు ముగ్గురు శ్రోతల ఉద్యోగాలు ఏడో కాలే ఊడగొట్టిందని ఇవాళ తెలిసింది. మిగతా కాళ్ళు బాగానే చెబుతాయి. రెండోది మూడోదాని మీద చాడీలు చెబుతుంది. పదోది కుందేళ్ళ సంగతులు చెబుతుంది. ఏడోదానికి మాత్రం ఎవరో రిటైరైన కాలవ లాకు సూపరింటెండెంటు గొంతు పెట్టారు. గొంతుతో పాటు ఆయన తీరికా వచ్చేసింది.

"నమస్కారమండి. ఏడో కాలండి. ఇయ్యాళ మోకాలి సంగతి చెప్పాలండి. మోకాలి సంగతి తెలియాలంటే ముందు పాదం సంగతి తెలియాలి కదండి. పాదం సంగతంటే మన్ను సంగతండి. మన్ను సంగతికొచ్చేసరికి మరి మా చిన్నతాతగారి గేదె సంగతి చెప్పకుండా ఎలాగండి."

ఇక్కడ ఆగింది. ఊ అన్నాను. ఆ తరవాత గేదె వయసు, రంగు, కొమ్ముల వంపు, దాన్ని అమ్మినవాడి వియ్యంకుడి ఊరు వచ్చాయి. వియ్యంకుడి ఊరు పేరు నాకు తెలియదు. అప్పటికే నిద్రపోయాను.

నిద్రలో ఊ కొట్టడం మాత్రం నాకు పుట్టుకతో వచ్చింది. మా నాన్న కూడా పంచాయితీల్లో అలాగే పెద్దమనిషి అనిపించుకున్నాడు.

చేతుల్లో ఏదైనా పనుంటే మెలకువ ఉండేదేమో. కానీ ఐదో నియమం ప్రకారం రెండు అరచేతులూ బల్లమీద ఉన్న ఇత్తడి పలకల మీదే ఉండాలి. చేతులు ఖాళీగా ఉంటే మనసు లగ్నమవుతుందని దాని భావం. తెరకి ఓ మూల మా పర్యవేక్షకులు కోదండపాణి గారు మెట్టమీది ఆఫీసులో కూర్చుని, నా చేతుల్నీ కళ్ళనీ చూస్తూ ఉంటారు.

దారిలో పాతకాలపు నీళ్ళ ట్యాంకు ఒకటి కనిపించింది. మెట్లు విరిగిపోయాయి. దాని తల మీద ఎవరిదో ఎర్ర చెప్పు ఒక్కటే ఉంది. కోదండపాణి గారు రికార్డులో "పాత ఊరు, నంబరు ఒకటి" అని రాయించారు.

నడక, 5వ రోజు

నిద్ర ఆపడానికి ఇంతవరకు చేసినవి: కాఫీ మూడు గ్లాసులు. నాలుక కింద మిరియం. మెడ మీద తడి తువ్వాలు. చెవి తమ్మెకి బట్టల క్లిప్పు. క్లిప్పుతోనే బాగా నిద్రపట్టింది.

నోట్సు రాద్దామంటే చేతులు పలకల మీద ఉండాలి. కాలి వేళ్ళతో పెన్సిలు పట్టి రాసి చూశాను. మొదటి లైను "గేదె" అని ఉంది. రెండో లైను అంతా ఒకే గీత. అది గుమ్మం దాకా పోయింది.

నడక, 6వ రోజు

దారి దొరికింది.

మా అత్తగారు బంగారమ్మ గారు వడియాలు పెట్టడంలోనూ కాటుక దిద్దడంలోనూ ఊరికి పెద్ద. నా బాధ విని ఆవిడ నా మూసిన కనురెప్పల మీద కాటుకతో రెండు కళ్ళు దిద్దారు. లోపల తెల్లదనానికి బియ్యప్పిండి వాడారు. పెళ్ళికూతురికి దిద్దినంత శ్రద్ధగా దిద్దారు.

"అసలు కళ్ళ కంటే ఇయ్యే బాగున్నాయమ్మా. పనయ్యాకా ఉంచేసుకో," అన్నారు.

మీటింగు అయ్యాక కోదండపాణి గారు ప్రత్యేకంగా పిలిచారు. "రత్నమాల గారూ, ఏడో కాలు మాట్లాడినంతసేపూ మీరు కన్నార్పలేదు. నా సర్వీసులో ఇలాంటి ఏకాగ్రత చూడలేదండీ," అన్నారు. నా కళ్ళు చెమ్మగిల్లాయి కానీ తుడుచుకోలేదు. తుడిస్తే చెరిగిపోతాయి.

నడక, 7వ రోజు

అత్తగారు కోపంగా ఉన్నారు. మా వాకిలి తూర్పుకి ఉంది కాబట్టి పొద్దున్నే ఎండ పడుతుంది. మొన్న అసలు ఎండ పడలేదట. నిన్న సాయంత్రం పడిందట. ఇవాళ మిట్టమధ్యాహ్నం వడియాల పళ్ళెం వాకిట్లోంచి దొడ్లోకి మార్చాల్సి వచ్చిందట.

"నలభై ఏళ్ళుగా వడియాలు పెడుతున్నాను. సూర్యుడికి ఇంత నిలకడ లేకపోవడం నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నారు.

ఊరి సభలో ఈ విషయం చర్చకి వచ్చింది. ఋతువు మారుతోందని తీర్మానించారు. దిక్సూచి చూస్తే తేలిపోయేది కదా అని ఎవరో అడిగారు. ఊరికి ఉన్న దిక్సూచి ఏడో కాల్లో ఉంది. దిక్కు సంగతి రోజూ మీటింగులో ఏడో కాలే చెబుతుంది, శ్రోత రత్నమాల వింటూనే ఉంది, కనుక దిగులు లేదన్నారు. అందరూ నావైపు చూశారు. నేను ఊ అన్నాను.

నడక, 8వ రోజు

ఇంకో ట్యాంకు వచ్చింది. దీని మెట్లూ విరిగిపోయాయి. దీని తలమీదా ఎర్ర చెప్పు ఒకటి ఉంది. జత దొరికిందని జనం సంతోషించారు. "పాత ఊరు, నంబరు రెండు."

మా ఆయన పోతురాజుది కాళ్ళ కీళ్ళకి గ్రీజు పెట్టే పని. ఇవాళ ఆ ట్యాంకు నీడలో మధ్యాహ్నం అన్నం తిని, క్యారేజీని దాని గొట్టానికి తగిలించి మర్చిపోయి వచ్చాడు. నాలుగు గిన్నెల క్యారేజీ. మా పుట్టింటివారు ఇచ్చింది.

నడక, 13వ రోజు

ఈ రోజు రాయకుండా ఉంటే బాగుండేది.

లెక్క ప్రకారం ఇవాళ గౌతమి పాయ కనిపించాలి. పొద్దున్నే ఆడవాళ్ళందరూ తలంట్లు పోసుకుని, పసుపూ కుంకుమా కొబ్బరికాయలూ పట్టుకుని ఊరి ముందు అంచున నిలబడ్డారు. దుమ్ము తెర తీసినట్టు తొలగింది. ఎదురుగా గోదావరి లేదు. నీళ్ళ ట్యాంకు ఉంది. దాని మీద ఎర్ర చెప్పు ఉంది. గొట్టానికి క్యారేజీ వేలాడుతోంది.

మా ఆయన దిగి వెళ్ళి దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఈ ఊరోళ్ళు కూడా మనలాంటి క్యారేజీలే వాడేవోరంట," అని నాకు చూపించాడు.

తర్వాత మూత తీశాడు. మూడో గిన్నెలో నేను చేసిన గుత్తివంకాయ కూర ఉంది. దాన్ని నేను ఆ స్థితిలో కూడా గుర్తుపట్టాను.

మా ఆయన టేపు పట్టుకుని వెనక్కి నడిచి అడుగుల జాడలు కొలిచాడు. పదకొండు కాళ్ళూ నిండు అడుగులు వేశాయి. ఎడమవైపు ఏడో కాలు ఒక్కటే మొదటిరోజు నుంచీ సగం అడుగులు వేసింది. అందుకని ఊరు ఎడమకి తిరుగుతూ, ఐదు రోజులకొకసారి అదే ట్యాంకుకి ప్రదక్షిణ చేస్తోంది.

ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. కొబ్బరికాయలు మళ్ళీ సంచుల్లో పెట్టుకుని ఇళ్ళకి పోయారు. సిగ్గుతో చచ్చిపోయాను. పదమూడు రోజులు పోయాయి, పదిహేనే ఉన్నాయి. అది నా నిద్ర వల్లే. ఎక్కడా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

నడక, 14వ రోజు

ఇవాళ కాటుక వద్దన్నాను. అసలు కళ్ళతోనే కూర్చున్నాను. ఆరు కాళ్ళు అయ్యేసరికి రెప్పలు బరువెక్కాయి. అప్పుడు అత్తగారు లోపలికి వచ్చి, నా ఒళ్ళో చింతపండు చేట పెట్టారు.

"ఊరికే కూర్చున్నావుగా. గింజలూ ఈనెలూ తియ్యి," అన్నారు.

"అత్తయ్యా, చేతులు పలకల మీద ఉండాలి."

"ఆ పలకల మీద చేతులెట్టే ఊరిని గానుగెద్దులా తిప్పావు కదమ్మా. ఇంకా ఏం చెడిపోద్ది?"

కోదండపాణి గారివైపు చూశాను. ఆయన కన్నార్పకుండా చూస్తున్నారు, ఏమీ అనలేదు. చేతులు తీసి గింజలు తీయడం మొదలుపెట్టాను. ఏడో కాలు మొదలైంది. వేళ్ళు ఈనెలు వెతుకుతుంటే చెవులు వాటి పని అవి చేసుకుపోయాయి. మొదటిసారి ఏడో కాలు చెప్పింది చెప్పినట్టు విన్నాను. గేదె కథ పన్నెండో రోజునే అయిపోయిందట. బతికాననుకున్నాను.

"దిక్కు సంగతండి. మన ముఖం ఇప్పుడు దక్షిణానికి ఉందండి. అంటే సముద్రంకేసి నడుస్తున్నామండి. నేను సగం అడుగులేస్తున్నాననీ, ఊరు ఎడమకి తిరిగిపోతోందనీ ఐదో రోజు నుంచీ చెబుతూనే ఉన్నానండి."

"చెప్పారా?"

"తొమ్మిదిసార్లండి. తొమ్మిదిసార్లూ తమరు ఊ అన్నారు."

చింతగింజ ఒకటి నా చేతిలోంచి జారి నేలమీద పడింది. దాని చప్పుడు కూడా వినిపించింది, అంత శ్రద్ధగా ఉన్నాను.

నడక, 15వ రోజు

ఊరి ముఖం ఉత్తరానికి తిప్పాలి. దిక్కు మార్చే ఉత్తర్వు మెట్ట ఆఫీసు నుంచి రావాలంటే ఇరవయ్యొక్క రోజులు పడుతుంది. ఏడో కాలు సగం అడుగులే ఇంకో రెండు రోజులు వేస్తే ఎడమనుంచే తిరిగిపోతాం కదా అన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. సగం అడుగులతో దాని మోకాలు అరిగి పొగ వస్తోందట.

అప్పుడు అత్తగారు మజ్జిగ చిలుకుతూ అన్నారు: "ఎడమదాన్ని వినక ఎడమకి తిరిగాం. కుడిదాన్ని వినకపోతే కుడికి తిరగమా?"

ఊరి సభ మొత్తం ఆవిడ కవ్వం వైపు చూసింది.

నిర్ణయం ఇది: కుడివైపు రెండో కాలికి నేను నిద్రలో ఊ కొట్టాలి. ఇంతకంటే సులువైన పని నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చేట పక్కన పెట్టాను, చేతులు పలకల మీద పెట్టాను, దిండు కూడా తెచ్చుకున్నాను.

నిద్ర పట్టలేదు. రెండో కాలు మూడో కాలి బోల్టుల గురించి చెబుతోంది. మూడోదానికి గ్రీజు రెండుసార్లు ఎవరు పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో చెబుతోంది. పెడుతున్నది మా ఆయన. ఇలాంటి మాట చెవిన పడ్డాక ఏ భార్యకి నిద్రపడుతుంది? నిండు అడుగులు పడ్డాయి. ఊరు సముద్రంవైపు ఇంకో క్రోసు నడిచింది.

నడక, 16వ రోజు

మెట్ట ఆఫీసులో కరెంటు పోయింది. బ్యాటరీ మీద తెర పనిచేస్తోంది కానీ కోదండపాణి గారి ఫ్యాను ఆగిపోయింది. కాసేపటికి చెమట పట్టి ఆయన కుడికన్ను చెంప మీదికి జారింది. తర్వాత ఎడమకన్ను ముక్కు పక్కకి వచ్చింది. రెండు కళ్ళూ అక్కడినుంచే నన్ను చూస్తున్నాయి.

"కోదండపాణి గారూ," అన్నాను.

"ఊ," అన్నారాయన, గురక మధ్యలో.

గట్టిగా ఇంకోసారి పిలిస్తే లేచి అద్దం చూసుకున్నారు. రెండు కళ్ళూ తువ్వాలుతో తుడిచేశారు.

"పదకొండేళ్ళయిందండీ," అన్నారు చివరికి. "మొదట్లో భయపడ్డాను. ఆ తరవాత నాకు అవార్డు ఇచ్చారు. ఇక మానడం కుదర్లేదు. నామీద పైకి రాస్తారా?"

జాలేసింది. నేను ఎవరినని ఆయన్ని అనడానికి?

"రాయనండీ. కానీ మీరు మాకో సాయం చేయాలి. శ్రోత బదులు పర్యవేక్షకులు ఊ కొట్టొచ్చని నియమాల్లో ఉంది కదా. రెండో కాలిని రెండు రోజులు మీరు వినాలి."

"విని?"

"ఇప్పుడు విన్నట్టే వినండి చాలు."

ఆయన మొహంలోకి వచ్చిన వెలుగు చూడాల్సింది. పదకొండేళ్ళ సాధన ఒకరికి పనికొస్తుందని ఆయన ఎప్పుడూ అనుకుని ఉండరు. వెంటనే కుర్చీ వెనక్కి వాల్చారు. రెండో కాలు మొదటి వాక్యం పూర్తి చేయకముందే ఊ కొట్టడం మొదలుపెట్టారు.

నడక, 17వ రోజు

ఊరు కుడికి తిరిగింది. సాయంత్రానికి ముఖం ఉత్తరానికి వచ్చిందని ఏడో కాలు చెప్పింది. నేను విన్నాను.

మూడో కాలి గ్రీజు సంగతి మా ఆయన్ని అడిగాను. మూడోది పొగుడుతుందట. ఎవరైనా పొగిడితే తట్టుకోలేడు, ఏం చేస్తాం.

నడక, 23వ రోజు

రోజూ ఒకటే రాయాల్సి వస్తోంది: పన్నెండు కాళ్ళు, నిండు అడుగులు. ఇదివరకు మధ్యాహ్నం ఆగేవాళ్ళం, ఇప్పుడు చీకటి పడేదాకా నడిచి రోజుకి రోజున్నర దారి పోతున్నాం. ఊర్లో చింతపండంతా నా దగ్గరికే వస్తోంది. ఇవాళ వరసలో పద్దెనిమిది చేటలు. తెరలో కనిపించకుండా దాచడం మానేశాం. కోదండపాణి గారు కూడా చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీస్తున్నారు. నిన్న మొదటిసారి పదో కాలి కుందేళ్ళ కథ మొత్తం విన్నారట. అంత బాగుంటుందని తెలిస్తే పదకొండేళ్ళు నిద్రపోయేవాణ్ణి కాదన్నారు.

నడక, 27వ రోజు

గౌతమి పాయ వచ్చింది. ఎండిపోయి, కనుచూపు మేర ఇసక. ఎర్రనీళ్ళు రేపు మధ్యాహ్నానికి ఇక్కడికి చేరతాయని ఎగువనుంచి కబురు. దాటడానికి మాకు నాలుగు గంటలు చాలు. రేపు పొద్దున మీటింగు పెందలాడే మొదలుపెడతాం.

చింతపండు అయిపోయింది. ఊరంతటికీ అయిపోయింది. ఫరవాలేదు, ఇంకొక్క మీటింగే కదా.

నడక, 28వ రోజు

ఉదయం ఆరింటికి మీటింగు మొదలుపెట్టాం. ఎనిమిదిన్నరకి పాయలోకి దిగాం. పదిన్నరకి సరిగ్గా నడిమధ్యన ఊరు ఒక్క కుదుపుతో ఆగింది. ఇంట్లో గిన్నెలన్నీ ఎడమవైపుకి దొర్లాయి. తెర దానంతటదే వెలిగింది.

"ఏడో కాలండి. దిగబడ్డానండి. అచ్చం ఆ గేదె లాగేనండి."

కోదండపాణి గారు చిక్కుడుకాయలు వదిలేసి లేచి నిలబడ్డారు. "మిగతా పదకొండు కాళ్ళతో గట్టిగా లాగించండి," అన్నారు. లాగాం. ఏడో కాలు ఇంకో మూరెడు దిగింది. మా ఆయన మనుషులు మోకులు కట్టారు. ఇంకో మూరెడు దిగింది.

గేదె అన్న మాట అప్పుడు చెవికెక్కింది. ఈ కాలు పది రోజులు పట్టి చెప్పిన కథ అదే. నేను కళ్ళకి కాటుక పెట్టుకుని నిద్రపోయిన కథ.

"ఏడో కాలు గారూ, ఆ గేదె ఎలా బయటపడింది?"

"తొమ్మిదో రోజున చెప్పాను కదండి."

"మళ్ళీ చెప్పండి."

"మొదట్నుంచీ చెప్పాలండి. మధ్యలో అందుకోవడం నాకు చేతకాదండి. క్లుప్తంగా చెప్పనా, వివరంగా చెప్పనా?"

"క్లుప్తంగా చెప్పండి."

"అయితే నలభై నిమిషాలండి. ఒక్క ఊ మొక్కుబడిగా పడినా మళ్ళీ గేదెను కొన్న కాడికి పోతానండి."

పలకల మీద చేతులు పెట్టాను. కొమ్ముల వంపు దాకా వచ్చేసరికి, బయట అంత గగ్గోలుగా ఉన్నా నా తల వాలిపోయింది. మొక్కుబడి ఊ పడింది. గేదెను మళ్ళీ కొన్నారు. చేతికి ఏదైనా ఇవ్వండని అరిచాను. జనం ఇళ్ళన్నీ వెతికారు. చింతపండు లేదు. బియ్యంలో రాళ్ళు లేవు, అవి కూడా కిందటివారం నేనే ఏరాను. చిక్కుడుకాయలు మెట్ట ఆఫీసులో ఉన్నాయి.

అప్పుడు మా అత్తగారు వచ్చి నా ముందు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. జడ విప్పారు.

"నా తల చూడు," అన్నారు.

"మీకు పేలు లేవు కదా అత్తయ్యా."

"మా వంశంలోనే లేవు. ఉన్నాయనుకుని చూడు."

అరవయ్యేళ్ళ పరువు ఆవిడ నా ఒళ్ళో పెట్టారు. జుట్టు పాయ తీసి చూడడం మొదలుపెట్టాను. ఏడో కాలు మూడోసారి గేదెను కొంది. ఈసారి వయసు విన్నాను. రంగు విన్నాను. వియ్యంకుడి ఊరు గెద్దనపల్లి. గేదె పేరు సీతాలు. సీతాలు ఇదే పాయలో నీళ్ళు తాగడానికి దిగి మోకాళ్ళ దాకా కూరుకుపోయింది. పన్నెండు మంది మోకులేసి లాగారు. లాగినకొద్దీ దిగింది. అయ్యో అన్నాను. నిజంగానే అన్నాను. ముప్పయ్యొకటో నిమిషంలో నా వేళ్ళు టక్కున ఆగాయి.

"దొరికింది," అన్నాను.

"ఏవిటండి?" అంది ఏడో కాలు.

"ఏం లేదు. చెప్పండి, చెప్పండి."

"ఇక మావల్ల కాదని పన్నెండు మందీ గట్టెక్కి కూర్చున్నారండి. చిన్నతాత ఏడుస్తున్నాడండి. అంతలో ఎగువనుంచి ఎర్రనీళ్ళొచ్చాయండి. సీతాలు కాళ్ళ చుట్టూ నీళ్ళు తిరిగాయండి. నీళ్ళు తిరిగేసరికి పట్టిన మన్ను వదులైందండి. అప్పుడది ముందుకి కాదండి, వెనక్కి అడుగేసిందండి. వచ్చేసింది. కిటుకంతా అక్కడే ఉందండి."

"ఆఁ?" అన్నాను.

నా జీవితంలో అంత మనసు పెట్టి ఎవరికీ ఊ కొట్టలేదు.

మోకులు విప్పించాను. మీటింగు ఆపించాను. తెర వెలిగాక మీటింగు మధ్యలో ఆపేస్తే, పొద్దున కొట్టిన ఊ లు చెల్లక కాళ్ళన్నీ నిలబడిపోతాయి.

"ఇదేంటండీ," అన్నారు కోదండపాణి గారు. "నీళ్ళు రాకముందు దాటడానికి కదా ఇంత అవస్థ పడ్డాం. ఇప్పుడు నీళ్ళ కోసం ఎదురుచూడటమేంటి?"

"గేదె కథ మీరూ వినలేదా?"

"ఆ రోజుల్లో నేనెక్కడ విన్నానండీ. ఇవాళేమో చిక్కుళ్ళు వదిలేశాను," అన్నారు దీనంగా.

ఊరంతా కూర్చుంది. పద్నాలుగు వందల మందిమి పాయ మధ్యలో ఒరిగిన ఊర్లో కూర్చుని, వరద కోసం ఎదురుచూశాం. భయం వేసింది. వినడం తప్పైతే అందరినీ ముంచినదాన్ని నేనే అవుతాను. పన్నెండు దాటాక ఎగువన ఇసక రంగు మారింది. ఎర్రగా, నురగతో, మడమల లోతున నీళ్ళు వచ్చి ఏడో కాలి చుట్టూ తిరిగాయి. ఆడవాళ్ళు సంచుల్లోంచి పసుపూ కుంకుమా తీసి చల్లారు.

"ఇప్పుడు చెప్పండి," అన్నాను.

"వదులైందండి," అంది ఏడో కాలు. "వెనక్కేస్తున్నానండి."

ఎవరో పెద్ద మనిషి తేన్చినట్టు చప్పుడైంది. ఊరు నిటారుగా లేచింది. గిన్నెలన్నీ కుడివైపుకి దొర్లాయి. మీటింగు మళ్ళీ పెట్టాం. ఒక్కో కాలూ ఒక్క ముక్కే చెప్పింది. ఊర్లో ఉన్నవాళ్ళందరూ కిటికీల్లోంచి ఊ కొట్టారు. మేం అవతలి గట్టెక్కేసరికి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. కొబ్బరికాయలన్నీ గట్టు మీద కొట్టాం. కొన్ని మురిగిపోయాయి. వాటినీ కొట్టాం.

నడక ముగిశాక, 3వ రోజు

ఉద్యోగం పర్మనెంటు అయింది. ఐదో నియమం మార్చారు. "శ్రోతలు మీటింగు జరిగినంతసేపూ చేతికి ఏదో ఒక పని ఉంచుకోవలెను" అని కోదండపాణి గారే రాయించారు. ఇప్పుడు అన్ని ఊళ్ళ శ్రోతలూ కలిసే వారం మీటింగులో తెరనిండా చేటలే. ఒకాయన ఏకంగా వల అల్లుతున్నాడు.

ఇవాళ నా పక్కన అత్తగారు కూడా కూర్చున్నారు. ఇద్దరం కలిసి గోరుచిక్కుళ్ళు ఒలుస్తున్నాం. వరద రోజు నుంచి ఊర్లో ఆవిడ గౌరవం రెట్టింపైంది. జడ కూడా కొంచెం పైకి వేసుకుంటున్నారు. ఏడో కాలు మోకాలి సంగతి చెప్పింది, పాదం సంగతి చెప్పింది. రెండూ విన్నాను. చివర్లో ఎప్పుడూ లేనిది, అదే నన్ను ఒక మాట అడిగింది.

"ఒక చిన్న సందేహమండి. ఆ రోజు గేదె కథలో ముప్పయ్యొకటో నిమిషంలో తమరు 'దొరికింది' అన్నారండి. కథలో అక్కడ దొరికిందేమీ లేదండి. కానీ చాలా మనసు పెట్టి అన్నారని ఊరుకున్నానండి. ఏం దొరికిందండి?"

అత్తగారి చేతిలో గోరుచిక్కుడు ఆగింది. ఆవిడ మెల్లగా తలతిప్పి నావైపు చూశారు.

నేను తెరవైపే చూస్తూ, వీలైనంత మొక్కుబడిగా ఊ అన్నాను.